పైఅంతస్తు వేసే ముందు నీళ్ళని అడుగు

అమ్మలూ, నువ్వు పంపిన ప్లాను చూశాను. పైన రెండు పడక గదులు, హాలు, పూజ గది, వీధి వైపు బాల్కనీ, అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. బాత్‌రూములు మాత్రం గదులు పంచుకోగా మిగిలిన మూలల్లో ఇరికించారు. ప్లాన్లు గీసేవాళ్ళలో చాలామంది చేసే పనే ఇది. నేనైతే తిరగేసి గీస్తాను. ముందు వాడేసిన నీళ్ళు దిగే గొట్టం ఎక్కడుండాలో చూసి, దాన్ని ఆనుకుని బాత్‌రూములు పెట్టి, ఆ తరవాత మీ పడక గదుల సంగతి. అడ్డగోడ నచ్చకపోతే ఐదేళ్ళకైనా పడగొట్టుకోవచ్చు. శ్లాబులోంచి దింపిన నాలుగంగుళాల గొట్టాన్ని జరపాలంటే మాత్రం కింద కాపురం ఉన్నవాళ్ళని ఖాళీ చేయించాలి.

మంచినీళ్ళతో ఇంత పేచీ లేదు. వెనక ట్యాంకు ఎత్తు తోస్తూ ఉంటుంది కాబట్టి ఎక్కించినా దించినా, నాలుగు మలుపులు తిప్పినా వచ్చేస్తాయి. వాడేసిన నీళ్ళని తోసేవాళ్ళెవరూ లేరు. వాలు ఉంటే వెళ్తాయి, లేకపోతే కూర్చుంటాయి.

వాలు ఎంతుండాలన్నదానికి పాత ఇంజనీర్ల లెక్క ఒకటుంది. గొట్టం వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని పదితో హెచ్చవేయి. నాలుగంగుళాల గొట్టానికి 40 అడుగులకి అడుగు వాలు, ఆరంగుళాల దానికి 60 అడుగులకి అడుగు. పెద్ద గొట్టానికి తక్కువ వాలు చాలడమేమిటని అడుగుతావు. నీళ్ళని ఆపేది గొట్టం గోడ రాపిడి. గొట్టం పెద్దదయ్యేకొద్దీ, సగందాకా నిండి పారుతున్నప్పుడు, గోడని తాకే నీళ్ళ కన్నా తాకకుండా మధ్యలో పోయే నీళ్ళు ఎక్కువ. అందుకని తక్కువ వాలుకే కావలసిన వేగం వస్తుంది. ఆ వేగం సెకనుకి 0.75 మీటరు దాకా ఉంటే మలినాలు అడుగున పేరుకోకుండా నీళ్ళతోపాటే కొట్టుకుపోతాయి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. "ఎందుకైనా మంచిది, ఆరంగుళాలే వేసేద్దామండీ" అని మీ ప్లంబరు అంటాడు చూడు. ఒక ఇంటి నీళ్ళు ఆరంగుళాల గొట్టంలో సగం కాదుగదా, పావు వంతు కూడా నిండవు. అడుగున పల్చగా పరుచుకుని, రాపిడికి నెమ్మదించి, మోసుకొచ్చినదాన్ని దారిలోనే దించేస్తాయి. ఒకే ఇంటి బాత్‌రూముకి నాలుగంగుళాలు సరిపోతుంది. ఎక్కువ పెడితే మేలనుకునే చోట కీడు జరగడం ప్లంబింగులో తరచూ ఉన్నదే.

మీ మామగారు వాస్తు ప్రకారం పై టాయిలెట్టు వాయవ్యంలోనే రావాలన్నారని రాశావు. పెద్దాయన మాటకి నేను అడ్డు చెప్పను. లెక్క మాత్రం చెప్తాను, నువ్వే ఆయనకి నెమ్మదిగా వినిపించు. మీ పాత గొట్టం దిగేది ఆగ్నేయం వైపు. వాయవ్యం నుంచి అక్కడికి అడ్డంగా పాతిక అడుగులు. నలభైకి ఒకటి చొప్పున ఏడున్నర అంగుళాల వాలు. దానికి గొట్టం లావు, ట్రాపు (కంపు రాకుండా నీళ్ళు నిలిపే వంపు) లోతు కలుపుకుంటే అడుగున్నర దగ్గరకొస్తుంది. అంత లోతు నేలలో దాచాలంటే గదులన్నీ ఎత్తు పెంచాలి, లేదా కింద హాలు సీలింగుకి గొట్టం వేలాడదీయాలి. వాయవ్యం వైపు గోడకే బయట కొత్త గొట్టం దింపి, నేల మీద వేరే చాంబరు కట్టించుకుంటే ఆయన మాటా నిలుస్తుంది, వాలూ దొరుకుతుంది. ఖర్చు కాస్త పెరుగుతుంది, అంతే.

బాత్‌రూము శ్లాబుని మామూలు మట్టం కన్నా అడుగు దాకా కిందికి దించి పోస్తారు, సంకెన్ అంటారు మేస్త్రీలు. ట్రాపూ గొట్టాలూ ఆ గుంటలో దాగుతాయి. గొట్టాలు వేయకముందే ఆ గుంటకి వాటర్‌ప్రూఫింగు చేయించి, నీళ్ళు నింపి రెండు రోజులు ఉంచమను. శ్లాబు అడుగున చెమ్మ మరక కనిపిస్తే అప్పుడే తెలుస్తుంది. టైల్స్ వేశాక తెలిస్తే ఏడుపే. ఇంకోటి, ఆ గుంటని పగలగొట్టిన కాంక్రీటు ముక్కలతో పూడ్చనివ్వకు. బరువు తక్కువగా ఉండే సిండరో, ఇటుక ముక్కలో వేయించు.

ఇక ట్రాపు. ఇంట్లో అన్నిటికన్నా నాకు ముద్దొచ్చే వస్తువు అదే. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు ఒక మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. గొట్టాన్ని ఎస్ అక్షరం ఆకారంలో వంచాడు. వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉంటాయి. మలినం దాటి వెళ్తుంది, వెనక నుంచి కంపు రాలేదు. కదిలే భాగం లేదు, అరిగేది లేదు, కరెంటు అక్కర్లేదు. రెండున్నర శతాబ్దాలు గడిచినా ఇంతకన్నా తేలికైన ఉపాయం ఎవరికీ దొరకలేదు. బాత్‌రూము నేలలో నహానీ ట్రాపు, సింకు కింద బాటిల్ ట్రాపు, పెరట్లో గల్లీ ట్రాపు, అన్నిట్లోనూ ఆ పనే జరుగుతోంది.

ట్రాపులో నిలిచే నీళ్ళ లోతు మామూలుగా 50 మిల్లీమీటర్లు. అంటే రెండంగుళాలు. ఆ రెండంగుళాల నీటి బరువే మీ ఇంటికీ మురుక్కాలవకీ మధ్య తలుపు. వాతావరణ పీడనంలో అది సుమారు 200వ వంతు. గొట్టంలో గాలి ఆ మాత్రం లాగినా, ఆ మాత్రం తోసినా తలుపు తెరుచుకుంటుంది.

గాలి ఎందుకు లాగుతుందంటావా? ఇన్నాళ్ళూ మీది ఒక్క అంతస్తు ఇల్లు, ఆ పేచీ రాలేదు. ఇప్పుడు పైన ఫ్లష్ నొక్కగానే పది లీటర్ల దాకా నీళ్ళు నిటారు గొట్టంలో కిందికి పడతాయి. పడుతూ పడుతూ వెనక ఉన్న గాలిని లాక్కుంటాయి, ముందున్న గాలిని తోస్తాయి. వెనక లాగుడుకి పక్క బాత్‌రూము ట్రాపులో నీళ్ళు గొట్టంలోకి జారిపోతాయి. ముందు తోపుడుకి కింది అంతస్తు ట్రాపులో బుడబుడమని బుడగలొస్తాయి. "పైన ఫ్లష్ కొడితే కింద కమోడ్ మాట్లాడుతుందండీ" అని అద్దెకున్నవాళ్ళు చెప్పేది ఇదే.

మందు చాలా చవక. నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే నూనె గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది, ఎదురు మూల రెండో చిల్లు పెట్టగానే ధారగా జారుతుంది కదా. నిటారు గొట్టానికి ఆ రెండో చిల్లే గాలి గొట్టం. నాలుగంగుళాల గొట్టాన్ని పై బాత్‌రూము దగ్గరే మూత బిగించి ఆపేయకుండా, డాబా పిట్టగోడ దాటి రెండడుగులు పైకి తీసి, పైన కౌల్, అంటే గాలి ఆడే టోపీ, పెట్టించు. నీళ్ళు పడుతున్నప్పుడు కావలసిన గాలి పైనుంచి వస్తుంది, ట్రాపుల జోలికి పోదు. కౌల్ కిటికీ పక్కన రాకుండా చూసుకో. "చూడ్డానికి బాగోదు" అని మూత వేసే ప్లంబర్లు ఉన్నారు. బాగోకపోతే పోనీ, ఆ గొట్టాన్ని తెరిచే ఉంచమను.

దాంతోపాటే ఇంకో జాగ్రత్త. కింది అంతస్తు కమోడ్‌ని కొత్త నిటారు గొట్టం పాదం దగ్గర కలపనివ్వకు. పైనుంచి పడిన నీళ్ళు అడ్డం తిరిగే చోట గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. కింది బాత్‌రూము గొట్టాన్ని విడిగా చాంబరులోకి తీసుకెళ్ళాలి.

ట్రాపు ఎండిపోతే ఏమవుతుందో ప్రపంచమంతా ఒకసారి చూసింది. 2003లో హాంకాంగ్‌లోని ఆమోయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్లలో సార్స్ జబ్బు 300 మందికి పైగా సోకింది. నిపుణులు వెతికితే బాత్‌రూము నేల ట్రాపుల్లో నీళ్ళు ఎండిపోయి ఉన్నాయి. దానికితోడు ఎగ్జాస్టు ఫ్యాన్లు. ఫ్యాను గదిలో గాలిని బయటికి నెట్టేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి మురుగు గొట్టంలో గాలి ట్రాపు గుండా గదిలోకి వచ్చింది. జబ్బు ఆ దారిన పాకిందని తేల్చారు. కనుక పైన అతిథుల గది బాత్‌రూము వాడకం లేకుండా ఉంటే వారానికోసారి ఒక చెంబుడు నీళ్ళు నహానీలో పోస్తూ ఉండు. నెల రోజులు ఊరెళ్ళేప్పుడైతే నీళ్ళు పోశాక రెండు చెంచాల వంటనూనె కూడా వెయ్యి. నూనె పొర పైన తేలి ఆవిరి కాకుండా కాస్తుంది.

వంటింటి సింకు కింద ఒకసారి టార్చి వేసి చూడు. చాలా ఇళ్ళలో ముడతల ప్లాస్టిక్ గొట్టం తిన్నగా నేలలో చిల్లులోకి దూర్చేసి ఉంటుంది. ట్రాపు లేదు, చుట్టూ సందు. బొద్దింకలు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియక మందులు చల్లుతూ ఉంటారు పాపం. బాటిల్ ట్రాపు బిగించి, చిల్లు చుట్టూ రబ్బరు రింగు వేయిస్తే సగం బాధ పోతుంది.

సెప్టిక్ ట్యాంకు గురించి నువ్వేమీ అడగలేదు. ఎవరూ అడగరు. అక్కడ జరిగేది తొందర లేని పని: బరువైనది అడుగుకి దిగాలి, జిడ్డు పైకి తేలాలి, గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు మిగతాది జీర్ణం చేసుకోవాలి. దానికి నీళ్ళు లోపల కనీసం ఒక రోజైనా నిలకడగా ఉండాలి. నలుగురికని కట్టిన ట్యాంకులోకి ఎనిమిదిమంది నీళ్ళు వస్తే ఆ సమయం సగమవుతుంది. పెద్దది కట్టే చోటు లేకపోతే రెండు మూడేళ్ళకోసారి తీయించే బురదని తొందరగా తీయించుకోవాలి. యాసిడ్లు తగలేసి ఆ జీవుల్ని చంపకండి.

సరే, మంచినీళ్ళకి వద్దాం. పై షవరులో ధార బాగా రావాలని వెయ్యి లీటర్ల ట్యాంకు బదులు రెండువేల లీటర్లది పెట్టిద్దామంటున్నావు. అమ్మలూ, ట్యాంకు ఎంత లావున్నా ఒత్తిడి పెరగదు. నీటి ఒత్తిడి ఎత్తుని బట్టే ఉంటుందనీ, పాత్ర ఆకారాన్ని బట్టి ఉండదనీ సైమన్ స్టెవిన్ 1586లోనే రాశాడు. పది మీటర్ల ఎత్తు నీళ్ళకి చదరపు సెంటీమీటరుకి ఒక కిలో ఒత్తిడి. మీ డాబా శ్లాబు మీద అడుగెత్తు దిమ్మ కట్టి ట్యాంకు పెట్టారనుకో. షవరు శ్లాబుకి మూడున్నర అడుగుల కింద ఉంటుంది. మొత్తం నాలుగున్నర అడుగులు, అంటే 0.14 కిలో. ట్యాంకుని మెట్ల గది మీదికి ఎక్కిస్తే పదకొండున్నర అడుగులు, 0.35 కిలో. వెయ్యి లీటర్లంటే ఒక టన్ను బరువు కనుక మెట్ల గది పిల్లర్లు దానికి తగ్గట్టు ఉన్నాయో లేదో ముందు ఇంజనీరుని అడగాలి.

ఒత్తిడి రెండున్నర రెట్లయిందని నీళ్ళు కూడా అంత పెరుగుతాయనుకోకు. టొరిచెల్లి 17వ శతాబ్దంలో చూపించినట్టు ప్రవాహం వేగం ఎత్తుకి వర్గమూలంతో పెరుగుతుంది. రెండున్నరకి వర్గమూలం సుమారు 1.6. గొట్టం వ్యాసం సంగతి అలా కాదు. అరంగుళం నుంచి అంగుళానికి మారితే అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లే అవుతుంది గానీ, రాపిడి తగ్గడం వల్ల అదే ఒత్తిడికి పారే నీళ్ళు ఆరు రెట్లవుతాయి. ముప్పావంగుళానికి మారినా దాదాపు మూడు రెట్లు. అందుకని ప్రెషర్ పంపు కొనే ముందు ట్యాంకు నుంచి దిగే మెయిన్ లైను లావు చూడు. అంగుళంపావు దింపి, బాత్‌రూము దాకా ముప్పావు తెచ్చి, చివర కుళాయి దగ్గర మాత్రమే అరంగుళానికి తగ్గించమను.

మీ ఇంట్లో పాత జీఐ ఇనుప పైపులు తీసేసి సీపీవీసీ ప్లాస్టిక్‌వి వేస్తున్నారు కాబట్టి ఒక కిటుకు చెప్తా. "అరంగుళానికి అరంగుళం" అని మార్చేస్తారు. అరంగుళం జీఐ పైపుకి లోపలి వ్యాసమే సుమారు 16 మిల్లీమీటర్లు. అరంగుళం సీపీవీసీకి 16 మిల్లీమీటర్లు బయటి కొలత, లోపల పన్నెండున్నరే. పేరు ఒకటే గానీ, అదే ఒత్తిడికి పారే నీళ్ళు సగం. తుప్పుతో పూడిపోయిన పాత పైపుతో పోలిస్తే ఇదే నయమనిపిస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు.

వేడినీళ్ళ లైను గీజరు దగ్గర్నుంచి కిటికీ మీదుగా ఎక్కి మళ్ళీ దిగితే ఆ గూనులో గాలి బుడగ చేరుతుంది. పంపు ఒత్తిడి ఉంటే దాన్ని నెట్టేస్తుంది. ట్యాంకు ఇచ్చే ఆ కాస్త ఒత్తిడికి నెట్టే శక్తి ఉండదు, "గాలి పట్టిందండీ" అంటారు. గొట్టాన్ని ఒకే వైపు వాలుగా నడిపించడం, ట్యాంకు వాల్వు దాటగానే ఒక సన్న గాలి పైపుని ట్యాంకు కన్నా ఎత్తుకి లేపడం దీనికి మందు.

గోడల్లోకీ శ్లాబుల్లోకీ కూడా నీళ్ళే కదా పోస్తున్నాం. సిమెంటు ఎండితే గట్టిపడుతుందని మేస్త్రీలే అంటుంటారు. ఎండితే ఆగిపోతుంది. సిమెంటు నీళ్ళతో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది, నీళ్ళలో ముంచినా గట్టిపడుతుంది. అందుకే శ్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలపడం. ఇప్పుడు వచ్చే పీపీసీ సిమెంటుకి పది రోజులకి తగ్గకుండా, ఎండలు ముదిరితే రెండు వారాలు. పోసిన తరవాత నీళ్ళు ఎంతైనా మంచిదే, కలిపేటప్పుడు మాత్రం పిసినారితనం కావాలి. 1918లో షికాగోలో డఫ్ ఏబ్రమ్స్ తేల్చిన సంగతి: నీళ్ళకీ సిమెంటుకీ ఉన్న నిష్పత్తి పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుంది. 50 కిలోల బస్తాకి 25 లీటర్లకి అటూ ఇటూ. పని తొందరగా సాగుతుందని ఇంకో బకెట్టు కుమ్మరించినప్పుడు, ఆ మిగులు నీళ్ళు ఆవిరై పోయిన చోటల్లా సన్నటి రంధ్రాలు మిగులుతాయి.

ఇసుక ట్రాక్టరు లెక్కన కొంటావు కాబట్టి ఇది కూడా విను. వాన వెలిశాక వచ్చిన చెమ్మ ఇసుక, పొడి ఇసుక కన్నా పాతిక ముప్ఫై శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గింజల చుట్టూ నీటి పొర ఒకదాన్నొకటి దూరంగా పెడుతుంది. ఆ ఉబ్బుకి కూడా డబ్బులిస్తున్నావన్నమాట. గాజు గ్లాసులో చెమ్మ ఇసుక పోసి గీత పెట్టి, నిండా నీళ్ళు పోసి కలిపి చూడు. మట్టం దిగిపోతుంది. పిల్లలకి చూపిస్తే సరదాపడతారు.

చివరిగా, పెరటి వైపు పెంచే వంటగది. మీ గుంటూరు నల్లరేగడి వానకి ఉబ్బి ఎండకి బీటలిచ్చే నేల. పాత ఇంటి పునాది కింద మట్టి ముప్ఫై ఏళ్ళుగా బరువు మోసి సర్దుకుని కూర్చుంది. కొత్త పునాది కింద మట్టి ఇప్పుడే మొదలుపెడుతుంది. రెండు గోడల్నీ కలిపి అతికిస్తే ఒకటి దిగుతుంటే రెండోది దిగక మధ్యలో నిలువునా బీట వస్తుంది. అంగుళం సందు వదిలి, దాన్ని సాగే ముద్దతో నింపించు. అండర్‌రీమ్డ్ పైల్సు (అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు) వేయిద్దామని మీ ఇంజనీరు అన్నాడంటే మంచి ఇంజనీరే దొరికాడు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ నేలల కోసమే దాన్ని రూపుదిద్దింది. మూడున్నర మీటర్ల లోతుకి వెళ్తే అక్కడ చెమ్మ ఏడాది పొడుగునా పెద్దగా మారదు, మట్టీ కదలదు.

ఆ వంటగది వచ్చే చోటే మీ పాత గల్లీ ట్రాపూ చాంబరూ ఉన్నాయని ఫోటోలో చూశాను. వాటి మీద గది కట్టేస్తే రేపు పూడినప్పుడు వంట గట్టు కింద తవ్వాలి. ముందు బయటికి జరపాలి. ఆదివారం మీ ఆయన్ని చాంబరు మూత ఎత్తమని, లోపల గొట్టం అడుగు నేల మట్టానికి ఎన్ని అంగుళాల కింద ఉందో టేపు పెట్టి కొలవమను. వీధి కాలవ దగ్గర కూడా అలాగే. రెండు కొలతలూ, వాటి మధ్య దూరమూ నాకు పంపు. కొత్త చాంబరు ఎంత లోతు తవ్వాలో లెక్క వేసి చెప్తాను, ప్లాను ఆ తరవాత దిద్దుకుందాం.